సొంత చాడీల పిన్ని

తన మీద తానే చాడీలు చెప్పుకోవడం పిన్నికి అలవాటు. ఇతరుల మీద చెప్పడం ఆవిడకు చేతకాదు. ఈ అలవాటు పుణ్యమా అని, ఆవిడ ఉంటున్న నాలుగంతస్తుల భవనంలో ఏది పాడైనా నేరం ఆవిడదే. మురుగు గొట్టం పూడుకున్నా, మెట్ల మీద దీపం మాడిపోయినా, పైవాళ్ళు కిందికి వంగి "పిన్నిగారూ, కాస్త చూసుకోవద్దూ" అంటారు. ఆవిడ తలూపుతుంది. గొట్టం పూడిన రోజున ఆవిడ ఊళ్ళోనే లేదన్న సంగతి బాబాయికి మాత్రమే గుర్తుంటుంది.

"కాదని చెప్పవేమే?" అంటాడు గడియారాలు బాగుచేసే బాబాయి, కోపం పంటి బిగువున పట్టి.

"కాదంటే నా చెడ్డపేరు ఏం కాను? ఎంత కష్టపడి సంపాదించుకున్నానూ."

పిన్ని ఉద్యోగం, నిలువ నీడ లేని కుటుంబాలకు అద్దె ఇళ్ళు చూసిపెట్టడం. ఇళ్ళు లేక కాదు. "ఇల్లు అద్దెకు" అన్న బోర్డులు ప్రతి వీధిలోనూ వేలాడుతూనే ఉంటాయి. ఆశ్రయ కేంద్రం నుంచి వచ్చామని చెప్పగానే, ఆ ఇంట్లోకి దిగబోయే మేనల్లుడొకడు ఓనరుకు అప్పటికప్పుడు పుట్టుకొస్తాడు. అలాంటి ఓనర్ల ముందు కూర్చుని పిన్ని తన ఘనకార్యాలు విప్పుతుంది. ఒకరి దగ్గర, వంటగదికి నిప్పంటించానంది. మరొకరి దగ్గర, కుళాయి కట్టేయడం మరిచి కిందివాళ్ళ పెళ్ళి ఫొటోలు నానబెట్టానంది. మొన్న ఒకావిడతో, పడగ్గదిలో మేకను పెంచానని చెప్పింది.

"మేక ఎక్కడిదే?" సంగతి విని నిలదీశాడు బాబాయి.

"నిప్పు పాతబడిపోయిందండీ. కొత్తది కావాలిగా."

ఆ మర్నాడు పిన్ని ఇల్లు చూపించాల్సింది లాండ్రీలో పనిచేసే ఒకావిడకు. ఆవిడకు ఇద్దరు కూతుళ్ళు, ముసలి తండ్రి. కేంద్రంలో వాళ్ళ గడువు ఆ రోజుతో సరి. ఇల్లు దొరక్కపోతే తల్లీపిల్లలు ఒక కేంద్రానికి, తాత ఊరి అవతల మగవాళ్ళ కేంద్రానికి. ఆ సంగతి పిల్లలకింకా చెప్పలేదు. తాతకు చెయ్యి ఆసరా ఇవ్వడానికి బాబాయి కొట్టు మూసి తోడు వెళ్ళాడు.

ఓనరు, బస్సు నడిపి రిటైరైన మనిషి. కొత్తగా సున్నం వేసిన గోడల వైపు, పిల్లల చేతుల వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఇద్దరు పిల్లలా," అన్నాడు.

పిన్ని గొంతు సవరించుకుంది. "పిల్లలు నయమండీ. మా ఇంటి గోడలకు నేను కొట్టిన మేకులన్నీ పీకితే ఇంకో ఇల్లు కట్టుకోవచ్చు. ఒకటి తిన్నగా నీళ్ళ గొట్టంలోకే దిగింది. పక్కింటాయన మంచం తేలింది."

ఓనరు కళ్ళు పెద్దవయ్యాయి. "ఇల్లు మీకు కాదుగా?"

"అబ్బే, నాకెవరిస్తారు? వీళ్ళకి."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. తాళంచెవి జేబులోంచి సగం బయటికొచ్చింది. సరిగ్గా అప్పుడు బాబాయికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"చాల్లేవే. ఏమండీ, ఇన్నేళ్ళ కాపురంలో ఈవిడ గోడకు క్యాలెండరు కూడా తగిలించలేదు. కుర్చీలో కూర్చోబెట్టి తేదీ చూసుకుంటుంది."

తాళంచెవి లోపలికి పోయింది.

"అయితే ఇంతసేపూ చెప్పినవి అబద్ధాలా?"

బాబాయి నాలుక కరుచుకున్నాడు. తాత నేల చూపులు చూశాడు.

"అబద్ధాలేనండీ," అంది పిన్ని, ఈసారి నవ్వకుండా. "మీరు వచ్చినప్పట్నుంచీ ఈ పిల్లల చేతులకేసే చూస్తున్నారు. వాళ్ళింకా ఏదీ ముట్టుకోనే లేదు. ఎవరో ఒకర్ని అనుమానించక తప్పదంటే నన్ను అనుమానించండి, నాకు అలవాటే. ఇంత చిన్నప్పుడే వాళ్ళకు ఆ అలవాటు ఎందుకండీ?"

చిన్నపిల్ల రెండు చేతులూ వీపు వెనక దాచుకుని నిలబడి ఉంది. ఓనరు అది చూశాడు. చూసి, చాలాసేపు కిటికీ గడియ సవరించాడు. ఆ గడియ బాగానే ఉంది.

"నీళ్ళు పొద్దున్నే వస్తాయమ్మా, ముందే పట్టుకో," అన్నాడు చివరికి, లాండ్రీ ఆవిడతో. "గాలి వచ్చేది ఈ గదిలోకే. నాన్నగారి మంచం ఇక్కడ వేయి." తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, పిన్ని వైపు తిరిగాడు. "మీరు మాత్రం ఆ గోడకు ఆనుకోకండి."

"అలాగేనండీ," అంటూ పిన్ని పరమానందంగా పక్కకు జరిగింది.

ఇక మీకొక మనవి. అనుమానించడానికి ఖర్చు లేదు కనుక మనందరం ధారాళంగా అనుమానిస్తాం. ఖాళీ గది ఉంటే, నిలువ నీడ లేని కుటుంబానికి ఇవ్వండి. లేకపోతే, ఉన్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి పక్కన కూర్చోండి. ఎవరైనా ఓనరు పిన్ని సంగతి వాకబు చేస్తే మాత్రం, ఆవిడ మంచిదని చెప్పి పని చెడగొట్టకండి. దానికి బాబాయి ఒక్కడు చాలు.