మూలబల్ల దగ్గర మైలుతుత్తం

చదువుకున్నవాడికి దయ్యాల భయం ఉండదని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగిన కాలం ఒకటి నాకూ ఉండేది. (పగటిపూట మాత్రమే చెప్పేవాణ్ణి.) అప్పుడు నేను కర్నూలులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. రసాయనశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష ఒక్కటి గట్టెక్కితే డిగ్రీ చేతికి వస్తుంది, బి.ఇడి. సీటు నిలుస్తుంది, తప్పితే రెండూ పోతాయి. అటువంటి పరీక్షకు నా నంబరు ప్రయోగశాలలోని మూలబల్ల మీద పడింది. అక్కడ కొళాయి ఎంత బిగించినా నీటి చప్పుడు ఆగదనీ, ఎప్పుడో చనిపోయిన విద్యార్థి ఒకడు ఇప్పటికీ తన ప్రయోగం పూర్తి చేసుకుంటున్నాడనీ సీనియర్లు చెప్పేవారు.

"ఏమప్పా, నీకు మూలబల్లే పడిందంటనే? ఆడ నిలబడినోడు ఎవడూ పాసయిండ్లేదు" అన్నాడు నా గదిలో ఉండే రాయచోటి మిత్రుడు, ఇడ్లీ తింటూ.

నేను నవ్వేశాను. నవ్వి, ఆ ఆదివారమే ఆత్మకూరు దగ్గరి మా ఊరికి వెళ్లి, ఏదో మాటల మధ్య గుర్తొచ్చినట్టుగా ఆ సంగతి అమ్మ చెవిన వేశాను. ఆమె పాత తలుపు నుంచి ఒక మేకు పీకి, బూడిదతో తళతళలాడేలా తోమి, నా చొక్కా జేబులో వేసింది. "ఇనుము ఒంటిమీద ఉంటే గాలి సోకదు నాయనా. సదువుకున్యా గదా అని యాడన్నా పారేసేవు."

పరీక్ష రోజు మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. కిటికీల అవతల ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది, కరెంటు పోయింది. నాకిచ్చిన మైలుతుత్తం ద్రావణంలో రాగి ఎంత ఉందో తేల్చాలి. బీకరు మీదికి బాగా వంగి ఆ నీలాన్ని ఒకసారి చూసుకుని, బ్యూరెట్ కడగడానికి తొట్టి దగ్గరికి వెళ్లాను. కొళాయి నిజంగానే కారుతోంది. దాన్ని బిగించే ప్రయత్నంలో కొంతసేపు గడిపి తిరిగి వచ్చేసరికి నీలం పలచబడింది. అడుగున వేలెడంత ఎర్రటిదేదో పడి ఉంది. దాని ఒంటినుంచి ఎర్రని పొరలు ఊడి నీళ్లలో మెల్లగా తేలుతున్నాయి. ధైర్యం కోసం జేబు తడుముకున్నాను. మేకు లేదు. ఇనుము మైలుతుత్తంలో పడితే ఏమవుతుందో పదో తరగతిలోనే రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ క్షణంలో నాకు తోచింది మాత్రం వేరు: నా కాపలాను ఎవరో తీసేసుకున్నారు, ఆ తరువాతే ఈ రక్తం వచ్చింది.

కడప నుంచి వచ్చిన పరీక్షాధికారి నా దగ్గర ఆగారు. "ఏమప్పా, అట్ల కొయ్యబారినావే?"

"సార్, రక్తం."

ఆయన పట్టకారుతో దాన్ని పైకి తీసి కాగితంతో తుడిచారు. "రక్తానికి తల గూడా ఉండాదే. ఎవరిదీ మేకు?"

"మా అమ్మ ఇచ్చింది సార్. గాలి సోకకుండా."

పక్కబల్లల వాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "వంగినప్పుడు జారి పడింటాది. ఇనుము ఎన్ని ఎలక్ట్రాన్లు ఇడిసింది?"

"రెండు సార్."

"రాగి ఎన్ని తీసుకునింది?"

"ఆ రెండే సార్."

"లెక్క సరిపాయ. ఇంక దయ్యానికి మిగిలిందేముంది? వేరే ద్రావణం ఇస్తా, మార్కులు కోస్తా. ఉండే టైములోనే చెయ్యాల."

కొత్త ద్రావణంతో మళ్లీ మొదలుపెట్టాను. అయోడైడు కలిపాను, గోధుమరంగు వచ్చింది. బ్యూరెట్‌లోంచి హైపో ద్రావణం చుక్కచుక్కగా వదిలాను, అది పలచబడింది. గంజి వేశాను, ముదురు నీలం కమ్మింది. చివరి చుక్కకు ఆ నీలం మాయమై ఫ్లాస్కులో పాలవంటి తెలుపు మిగిలింది. రీడింగు రాశాను, ఆయన సంతకం చేశారు. నేను బల్ల తుడుస్తుండగా, ఎవరి చేయీ తగలకుండానే, ఆ మసక వెలుతురులో ఫ్లాస్కులోకి నీలం తిరిగి రావడం మొదలైంది.

"సార్, మళ్లా వచ్చింది."

"అది వస్తాది. నువ్వు రాసింది రాసినావు గదా, ఇంటికి పో" అన్నారాయన, వెనక్కి తిరగకుండా, కొంచెం వేగంగానే నడుస్తూ.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఇప్పుడు అదే పాఠం పిల్లలకు నేను చెబుతున్నాను. తెల్లటి అవక్షేపం తాను పట్టి ఉంచుకున్న అయోడిన్‌ను ఆలస్యంగా వదులుతుంది, అందువల్ల నీలం తిరిగి వస్తుంది అని ఎంతో గంభీరంగా వివరిస్తాను. వాళ్లంతా వెళ్లిపోయాక, ఖాళీ ప్రయోగశాలలో ఏదో ఒక ఫ్లాస్కు తనంతట తానే నీలమవుతూ కనిపిస్తే మాత్రం, రేపు పొద్దున కడగవచ్చులే అని దాన్ని అక్కడే వదిలి, తలుపు దగ్గరగా వేసి, వచ్చేస్తుంటాను.