దొర కారుకు కార్బురేటర్ బిగించిన రోజు

మా బావ మిర్యాలగూడ దగ్గర ఒక ఊళ్లో దొర కారు నడిపేవాడు. మా అక్క, పిల్లలతో దొర ఉండే గడీ వెనుక ఆయన ఇచ్చిన కొట్టంలో ఉండేవాడు. నేను బెజవాడలో మెకానిక్ పని నేర్చుకొని వచ్చి, సూర్యాపేటలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకొని లారీలు, బస్సులు బాగుచేసేవాణ్ణి. నిజాం రాజ్యం చివరి రోజులు. పెట్రోలు బంగారమైంది. బండి సామాను సరిహద్దు దాటి రావడం గగనమైంది.

ఒక పొద్దున దొర కారు స్టార్ట్ కాలేదు. బావ బండి ముందు వైపు హ్యాండిల్ దూర్చి తిప్పి తిప్పి అలసిపోయాడు. దొరకు ఓపిక తక్కువ. బావ చేతిలోంచి ఆ ఇనుప హ్యాండిల్ లాక్కొని, తెరిచి ఉన్న ఇంజన్ మీద ఒక్కటి వేశాడు. అది పోయి కార్బురేటర్‌కు తగిలింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించేది అదే. పోత లోహం గనక కుండ పగిలినట్టు పగిలింది. సాయంత్రానికల్లా దొర నోట మాట మారింది. "డ్రైవర్‌గాడు నా కారు పగలగొట్టిండు" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. మొదట అబద్ధమే అయి ఉంటుంది. చెప్పగా చెప్పగా తనే నమ్మేశాడు.

కారు పాడైందని దొర షికారు మానలేదు. ముందు భాగానికి మోకులు కట్టించి, వెట్టివాళ్లతో గడీ నుంచి మామిడితోట దాకా లాగించుకునేవాడు. వెనుక సీటులో కాలు మీద కాలు వేసుకొని కూర్చునేవాడు. బావ స్టీరింగ్ పట్టుకోవాలి. ఎడ్లను కడదామని, గడీ పనివాళ్ల మీద పెత్తనం చేసే జమాదారు అన్నాడట. "ఎడ్లు గుంజితే బండి అంటరు. మనుషులు గుంజితేనే కారు" అన్నాడట దొర.

కొత్త కార్బురేటర్ కోసం బావను బెజవాడ పంపాడు. తిరుగు ప్రయాణంలో కోదాడ దగ్గర సరిహద్దులో సరుకులు తనిఖీ చేసే నాకా వాళ్లు పట్టుకున్నారు. "ఎవరిదయ్యా ఈ సరుకు? దొంగతనంగా దాటిస్తున్నావా?" అని, ఆ ఇనుప ముద్దను నెత్తిన పెట్టించి ఎండలో నిలబెట్టారు. తెలిసిన బస్సు డ్రైవరొకడు వచ్చి ఫలానా దొర మనిషని చెబితే వదిలారు. ఊరికి రాగానే ఆలస్యమైందని దొర చెప్పుతో కొట్టాడు. ఆ తరువాత నాకు కబురొచ్చింది.

నేను వెళ్లేసరికి కారు గడీ వాకిట్లో ఉంది. వెట్టివాళ్లు మోకుల పక్కనే గోడ నీడన కూర్చున్నారు. ఒక ముసలాయన భుజం మీద మోకు ఒరుసుకొని తోలు లేచిపోయింది. ఈగలు ముసురుతుంటే పచ్చి ఆకుతో తోలుకుంటున్నాడు. దొర అరుగు మీద కుర్చీ వేయించుకొని నన్నే చూస్తున్నాడు. ఆ రోజు ఆయన సూర్యాపేటలో తహసీల్దారును కలవాలి.

పాతది విప్పి పక్కన పెట్టాను. కొత్తది ఆ ఇంజన్ కోసం చేసింది కాదు. బోల్టు రంధ్రాలు గోరంత ఎడంగా ఉన్నాయి. గుండ్రటి ఆకురాయితో వాటిని సాగదీశాను. గాలి చొరకుండా దళసరి అట్ట కత్తిరించి, నూనె రాసి మధ్యలో పెట్టి బిగించాను. కాలితో తొక్కే యాక్సిలరేటర్ కడ్డీ అందలేదు. తీగ ముక్క జతచేసి అందేలా చేశాను. బావ పక్కనే నిలబడి పానాలు అందిస్తున్నాడు. పెట్రోలు గొట్టం కూడా తగిలించాక అప్పుడు చూశాను, ప్లగ్గుల వైర్లు ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. దుమ్ము తుడుస్తానని జమాదారు వాటిని పీకి, తోచినట్టు పెట్టాడట.

"అయిందా?" అన్నాడు దొర.

"బిగించుడు అయింది దొరా. వైర్లు అటిటు అయినయ్. జరసేపు ఆగితే సరిజేస్త."

"తహసీల్దారు నా కోసం పొద్దుగూకేదాంక కూసుంటడా? తిప్పుండ్రి."

"గిప్పుడు తిప్పితే మంట ఎనుకకు కొడతది దొరా. కార్బురేటర్ మూతిలకెల్లి కక్కుతది."

దొర కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చాడు. ఇంజన్‌లోకి వంగి చూశాడు.

"పెట్రోలు గుంజనీకె ఈ మూతి మీద చెయ్యి పెడతరు గదా? వీడు పెట్టంగ నేను సూసిన."

"వైర్లు సక్కగున్నప్పుడు పెడతం దొరా."

గడ్డంతో బావను చూపించాడు. "వాన్ని పెట్టమను."

"నేను పెడత దొరా" అన్నాను.

"నీ చేతితోని నాకింక పనున్నది. పగలగొట్టినోడే పెట్టాలె."

కోపంగా అనలేదు. తమలపాకు అడిగినంత మామూలుగా అన్నాడు. "పెట్టకు బావా" అన్నాను నెమ్మదిగా. బావ నా వైపు చూడకుండానే, "మీ అక్క, పిల్లలు గడీ ఎనుకనే ఉన్నరు బామ్మర్దీ" అని, కుడి అరచెయ్యి కార్బురేటర్ మూతికి ఆనించాడు.

జమాదారు హ్యాండిల్ తిప్పాడు. మొదటిసారి ఏమీ కాలేదు. అరచేతికి పెట్రోలు అంటింది. మళ్లీ తిప్పాడు. తుపాకీ పేలినట్టు మోత వచ్చింది. బావ వేళ్ల సందుల్లోంచి మంట లేచింది. బావ అరిచి చెయ్యి తీయబోయాడు.

"తియ్యకురా. ఇంకోసారి తిప్పు" అన్నాడు దొర.

బావ తీయలేదు. మళ్లీ మోత. ఈసారి పెట్రోలుతో తడిసిన చెయ్యే అంటుకుంది. నేను అక్కడున్న గోనెసంచి చేతికి చుట్టి, బావను నేల మీదికి లాగి, మంట ఆర్పాను. కాలిన చర్మం సంచికి అంటుకొని వచ్చింది. గోడ నీడన కూర్చున్నవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. కదిలితే ఏమవుతుందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

"నిజంగనే మంట వస్తదిరోయ్!" అన్నాడు దొర జమాదారుతో, తిరునాళ్లలో కొత్త ఆట చూసినవాడిలా.

నేను వైర్లు సరిచేశాను. బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. దొర నా వీపు తట్టి, "పనిమంతునివిరా" అన్నాడు. తరువాత బావ వైపు తిరిగి, "ఎక్కు. పోవాలె" అన్నాడు.

బావ చేతికి అక్క పాత చీర చింపి చుట్టింది. ఏడవలేదు. పళ్లు బిగపట్టి ముడి వేసింది. బావ ఎడమ చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడు. గేరు మార్చడానికి చెయ్యి లేదు గనక నేను పక్కన కూర్చున్నాను. అతను క్లచ్ తొక్కి "ఊఁ" అంటే నేను గేరు మార్చేవాణ్ణి. మూసీ ఇసుకలో చక్రాలు దిగబడినప్పుడు అతని చెమట నా మోచేతి మీద పడింది. వెనుక సీటులో దొర ఆ ఏటి మామిడికాయల పుల్లదనం గురించి జమాదారుతో మాట్లాడుతూనే ఉన్నాడు.

సూర్యాపేటలో దొర తహసీల్దారు దగ్గరికి వెళ్లగానే బావను దవాఖానకు తీసుకుపోయాను. మందు రాసి కట్టు కట్టారు. తిరిగి వచ్చేసరికి దొర కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఖాళీ కారు ముందు తనను నిలబెట్టామని ఆయన కోపం.

"ఒంటి చెయ్యోడు నాకెందుకు? ఇగ రావద్దు. కొట్టం ఖాళీ చెయ్యి" అన్నాడు.

కిరాయికి ఒక బస్సు డ్రైవరును పెట్టుకొని వెళ్లిపోయాడు. మర్నాడు అక్క పిల్లలను, గిన్నెలను ఎడ్లబండిలో వేసుకొని నా షెడ్డుకు వచ్చింది. బావ వేళ్లు మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. షెడ్డులో కూర్చొని ఎడమ చేత్తో సామాను కిరసనాయిలుతో కడిగేవాడు.

మరుసటేడు ఊళ్లలో వెట్టికి ఎదురుతిరిగిన సంఘం బలపడి, దొరలు గడీలు వదిలి పారిపోవడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఆ నల్లకారు మా షెడ్డు ముందు ఆగిపోయింది. దొర, ఆయన భార్య, ముందు సీటులో కొత్త డ్రైవరు, అతని పక్కన తుపాకీ పట్టుకున్న మనిషి. కోదాడ మీదుగా బెజవాడ పోతున్నారు.

"జల్దీ సూడు" అన్నాడు దొర నాతో. బావను చూసి, "ఏయ్, జర మంచినీళ్లు తే" అన్నాడు.

బావ లేచి నీళ్లు తెచ్చాడు. దొర చెంబు అందుకొని తాగి తిరిగి ఇచ్చాడు. అతను ఎవరో ఆయనకు తెలియలేదు. గుర్తుపట్టనట్టు నటించడం కాదు. నిజంగానే గుర్తులేదు.

కార్బురేటర్‌లో నలుసు అడ్డుపడింది. విప్పి, ఊది, బిగించాను. తుపాకీ నా నడుముకు జానెడు దూరంలో ఉంది. కారు వెళ్లిపోయాక అక్క లోపలి నుంచి వచ్చి నా ముందు నిలబడింది.

"బండి నడవకుంట చెయ్యరాకపోయిందా తమ్మీ?" అంది.

బావ ఆ చెంబును మట్టితో తోముతున్నాడు.

దొర ఆ సాయంత్రానికే సరిహద్దు దాటాడని తరువాత కోదాడ లారీ వాళ్లు చెప్పారు. దారిలో ఎక్కడా బండి ఆగలేదట.