ముందు మీటింగు, తర్వాతే భోజనం

కృష్ణవేణి ఆ గొడవ పెట్టుకుని ఏం బావుకుందని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. షేర్ల మీద ఏటా వచ్చేది ఒక మంచి చీరకి కూడా చాలదు, నిజమే. కానీ ముమ్మిడివరం దగ్గర కొబ్బరి పీచు ఫ్యాక్టరీ ఇవాళ్టికీ నడుస్తోందంటే అది మా తోడికోడలి చలవే.

మా మరిది మస్కట్‌లో డ్రైవరు. ఆయన పంపిన డబ్బుతో కృష్ణవేణి ఆ కంపెనీ షేర్లు కొంది. తన పోరు పడలేక నేనూ కొన్నాను. తను తాళ్ళు పేనే పని చేసేది కూడా అక్కడే. మిగతా షేర్లు కొన్ని ఎండీ గారి చుట్టాలవి, చాలావరకు చుట్టుపక్కల కొబ్బరి రైతులవి. ఏటా మీటింగు రోజున ముందు పనసపొట్టు కూర, పులిహోర, బొబ్బట్లతో భోజనం పెట్టేవారు. తర్వాత ఎండీ వరప్రసాదం గారు తీర్మానం చదివితే అందరూ చేతులెత్తేవారు. ఒకరి విస్తట్లో తిని, ఆ నోటితోనే కాదనడం మా కోనసీమలో మర్యాద కాదు మరి! ఆయనకది బాగా తెలుసు.

1998లో ఆయన ఫ్యాక్టరీ మూసేసి, ఆ స్థలాన్ని రొయ్యల చెరువులకని సొంత బావమరిదికి కారుచౌకగా అమ్మాలనుకున్నారు. మీటింగులో ఎక్కువ చేతులు లేస్తే చాలు. అమ్మేస్తే కృష్ణవేణి పనీ పోతుంది, షేర్లూ చిత్తుకాగితాలవుతాయి.

ఆ రోజు విస్తళ్ళు వేసేశారు. కొందరు కూర్చున్నారు కూడా. కృష్ణవేణి వడ్డించేవాళ్ళకి అడ్డంగా నిలబడింది.

"ముందు మీటింగండీ. తర్వాతే భోజనం."

"అదేంటమ్మా! అతిథుల్ని ఆకలితో కూర్చోబెడతామా?" అంటూ నవ్వారు వరప్రసాదం గారు.

"అతిథులెవరండీ ఇక్కడ? కంపెనీ మాది. మీరు మా దగ్గర జీతానికి చేస్తున్నారు."

ముసలి రైతు నారాయణమూర్తి గారు విస్తరి ముందు నుంచి లేచారు.

"ఆయ్, అమ్మాయి సరిగ్గానే చెప్పిందండీ. మీటింగు కానివ్వండి."

ఆయన వెనకే అందరూ లేచారు. తీర్మానం చదివితే బావమరిది చుట్టాలు తప్ప ఎవరూ చెయ్యెత్తలేదు. నేనైతే రెండు చేతులూ ఒళ్ళో బిగబట్టుకు కూర్చున్నాను.

వరప్రసాదం గారు మొహం మాడ్చుకుని కారు వైపు నడిచారు. కృష్ణవేణి ఎదురెళ్ళి చేతులు జోడించింది.

"ఎక్కడికండీ? భోజనం చేసి వెళ్ళండి. మా కంపెనీ డబ్బుతో వండిందే. తిన్నాక మాత్రం ఆ స్థలం ఊసెత్తకూడదండోయ్!"