మరియమ్మక్క ఎత్తిపెట్టిన చందువ

"బెంగ అనే మాట ఎట్టా పుట్టింది సార్?" అని పొద్దున క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నిఘంటువు తీశాను. బెంగ అంటే దిగులు అని ఉంది. దిగులు అంటే? బెంగట. పుట్టుక గురించి ఒక్క ముక్క లేదు. తెలుగు టీచరుగా నా పరువు అక్కడే పోయింది.

సాయంత్రం మైపాడు ఒడ్డున చేపలమ్మే మరియమ్మక్క గంపలో, గోనెపట్టా కింద విడిగా పెట్టిన చందువ చేప కనిపించింది. అది ఇమ్మన్నాను.

"అది అమ్మేది కాదు సార్. మా ఆయనకి ఎత్తిపెట్టినా."

ఆమె భర్త నిరుడు సముద్రంలో చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. ఒక్క క్షణం తర్వాత ఆమెకూ గుర్తొచ్చింది.

"చెయ్యి అలవాటు సార్. తీసకపోండి," అని నా సంచిలో వేసేసింది.

చేప ఫ్రిజ్‌లో ఉంది. కోయడానికి చేతులు రావడం లేదు. రేపు ఆ పిల్లకి ఏం చెప్పమంటారు?