గుమ్మంలో పట్టని డ్రమ్ము

మొదటి నట్టు ఊడింది. దాని వెనకాల ఇంకో నట్టు ఉంది. దాని మీద స్పానర్ పెట్టానో లేదో, డ్రమ్ము వేడికి గడప మీద ముడుచుకుని కూర్చున్న మా చిన్నది ఆవలించి, "అమ్మా, నిద్రొస్తోంది" అంది. నా చెయ్యి ఆగిపోయింది. పెరట్లో వాన, తడిసిన మామిడి చెక్క వాసన, డ్రమ్ములో సగం పొగబట్టిన గోదావరి చేపలు. ఏమీ జరగలేదు. కానీ ఆ మాట నేను ఇదివరకు లచ్చయ్య బాబాయి నోట విన్నాను.

ఆయన మణుగూరు కాలనీలో మా పక్క క్వార్టర్. బొగ్గుబాయిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చుట్టం కాదు. సత్తుపల్లి నుంచి కొత్తగా కాపురానికొచ్చిన నన్ను "బిడ్డా" అన్నాడు, నేను "బాబాయ్" అన్నాను, అంతే. వాళ్ళ అడవిపల్లెలో చేపల్ని పొయ్యి పైన వేలాడదీసి పొగకు ఆరబెట్టేవారట. ఆయన తెచ్చిచ్చిన చేపల రుచి మరిగి, ఒక పాత నూనె డ్రమ్ములో నేనూ మొదలుపెట్టాను. ఒక పక్క చేప మాడేది, ఇంకో పక్క పచ్చిగా ఉండేది.

"గిదేంది బిడ్డా, చేపలకు శిక్షేసినవా?" అని ఒకరోజు డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"వెల్డింగ్ షాపుకు పంపుదాం బాబాయ్."

"వెల్డింగ్ ఎందుకు? బాయిల నిప్పు ముట్టియ్యనియ్యరు. ముప్పై ఏండ్లు బోల్టుల మీదనే బతికిన. గిది ఎంత?"

మూడు రోజులు పనిచేశాడు. అడుగున బెజ్జాలు పెట్టి, వాటి మీద పాలడబ్బా మూతను ఒక్క బోల్టుతో బిగించాడు. తిప్పితే గాలి దారి తెరుచుకుంటుంది, మళ్ళీ తిప్పితే మూసుకుంటుంది. రేకు గొట్టం అంచును చీరి, రెక్కల్లా బయటికి మడిచి, డ్రమ్ము మూతకు బోల్టులేశాడు. సందుల్లో బూడిద కలిపిన బంకమట్టి మెత్తాడు. ఆఖరున ఒక ఊదుబత్తి వెలిగించి కింది బెజ్జం దగ్గర పట్టుకున్నాడు. దాని సన్నటి పొగ వంగి, ఎవరో పిలిచినట్టు లోపలికి పోయింది. కాసేపటికి పైన గొట్టంలోంచి తీగలా లేచింది.

"గాలికి రెండు తొవ్వలుండాలె. ఒచ్చే తొవ్వ, పోయే తొవ్వ. బాయిల గదే మా పానం."

నేను బీఎస్సీ చదివాను. బొగ్గు సరిగా మండకపోతే ఏ విషవాయువు పుడుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ గాలిని కళ్ళతో చూడడం అదే మొదలు. నోరు తెరుచుకుని ఆ ఊదుబత్తి పూర్తిగా కాలేదాకా కూర్చున్నాను.

ఆయనే అప్పుడు బాయిలో తనతో కలిసి పనిచేసిన జోడీగాని సంగతి చెప్పాడు. గాలి ఆడని పాత గనిలోకి ఏదో సామాను కోసం పోయాడట. "పొగ లేదు, వాసన లేదు. గోడకు ఒరిగి, 'నిద్రొస్తుంది లచ్చన్నా' అన్నడు. ఆఖరు మాట గదే. పొగ కండ్లు మండిస్తది, లేపుతది. పొగ లేని బొగ్గే కూసోబెడ్తది, బిడ్డా." ఆయన స్పానర్ తుడిచి పక్కన పెట్టాడు.

మర్నాడు ఆయన మా వంటింటి గుమ్మం దగ్గర ఒక తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఏంటని అడిగితే "ఊరికెనే" అన్నాడు. సాయంత్రానికి డ్రమ్ముకు నాలుగు ఇనుప కాళ్ళొచ్చాయి, నాలుగు దిక్కులకూ బార్లా చాపుకుని.

"అయ్యో బాబాయ్, ఎటు తిప్పినా గుమ్మంలో పట్టదు!"

"పట్టదా? ముసలోని కొలత గిట్లనే ఉంటది" అని నవ్వుతూ ఒక్కో బోల్టుకు రెండేసి నట్లు బిగించాడు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా, పిల్లల ముందే, "తాతకు కొలత తప్పింది" అని నవ్వేదాన్ని. ఆయనా నాతో కలిసి నవ్వేవాడు. పోయిన ఎండాకాలం ఆయన చనిపోయాడు.

నిన్న సాయంత్రం మావారు సెకండ్ షిఫ్టులో ఉన్నారు. కరెంటు పోయింది, సెల్లుకు సిగ్నల్ లేదు, వాన జల్లు చూరు కిందికి కొడుతోంది. డ్రమ్ములో పొగ తగ్గింది, ఎర్రటి బొగ్గులే ఉన్నాయి. లోపలికి లాక్కుంటే చేపలు దక్కుతాయి, తలుపేసుకుంటే పిల్లలకు వెచ్చగా ఉంటుంది అనుకున్నాను. తడి గోనెపట్టాతో పట్టి గుమ్మం దాకా ఈడ్చాను. కాళ్ళు అడ్డంపడ్డాయి. ఆయన్ని విసుక్కుంటూనే డ్రమ్ము కింద ఇటుకలు పెట్టి, నట్లు విప్పడానికి కూర్చున్నాను.

ఒక్కటే నట్టు ఉండి ఉంటే, చిన్నది ఆవలించేలోపు ఆ కాలు ఊడి ఉండేది.

పిల్లలిద్దర్నీ ముందు గదిలోకి లాగి, తలుపులూ కిటికీలూ తెరిచాను. డ్రమ్మును మళ్ళీ వానలోకి తోసేశాను. చేపలు పాడైపోయాయి. పిల్లల ఊపిరి వింటూ వాళ్ళ మధ్యన కూర్చున్నాను.  గుమ్మాన్ని కొలిచిన ఆ తాడు, ఆ నవ్వు గుర్తొస్తూనే ఉన్నాయి. ఏదో ఒకరోజు నేను ఆ బొగ్గుల్ని ఇంట్లోకి లాక్కుంటానని నాకంటే ముందే ఆయనకు తెలుసు. తెలిసీ, కొలత తప్పిందని నేను నవ్వుతుంటే నవ్వనిచ్చాడు.

పొద్దున పెద్దది పెరట్లోకి పోయి చూసి, "కాళ్ళు కట్ చేయిద్దామా అమ్మా? తాతకు కొలత తప్పిందిగా" అంది.

ఇద్దర్నీ గుమ్మంలో నిలబెట్టాను. ఊడదీసిన నట్టు పెద్దదాని చేతికిచ్చి, "నువ్వే బిగించు" అన్నాను. "తాత కొలత తప్పలేదు. అమ్మ మీకు తప్పు చెప్పింది."