పుచ్చిన పెసలు, నా సంతకం

మా ఆఫీసు వరండా తుడిచే ఫినాయిల్‌ని ఈ మధ్య మార్చారు. కొత్తదానికి నిమ్మగడ్డి వాసన. అందరూ బాగుందంటున్నారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే దవడలు బిగుసుకుంటాయి. ముందు సుభద్ర మేడం గుర్తొస్తారు, ఆ వెనకే ఆవిడకి జరిగిన అన్యాయం.

అప్పుడు నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మేడం మా ప్రాజెక్టుకి గైడు. వాళ్ల నాన్నగారు గుడిలో సన్నాయి వాయించేవారట. అపస్వరం పలికితే పెళ్లిపందిట్లోనైనా సరే ఆపేసి మళ్లీ మొదలుపెట్టేవారట. కూతురూ అంతే. పాఠం పుస్తకాల తెలుగులో చెప్పేవారు గాని, కోపమొస్తే ఇంటి మాట వచ్చేసేది. మేం చేస్తున్న పని చెప్పడానికి తేలికే. నిల్వ పెసలకు పట్టే పుచ్చుపురుగుని నిమ్మగడ్డి నూనె తరిమేస్తుంది, కాని నాలుగు రోజుల్లో ఆ నూనె గాలిలో కలిసిపోతుంది. రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థంతో, మామూలు మైక్రోస్కోపుకి కూడా అందనంత చిన్న గుళికలు చేసి వాటిలో నూనెని బంధిస్తే, అది కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. తర్వాత ఆ గుళిక మట్టిలో కలిసిపోతుంది. మొదటిసారి బీకరులో ద్రావణానికి లేత నీలిఛాయ రాగానే నేను గెంతులేశాను. మేడం నావైపు చూసి, "గుళికలైపోనాయని నీకెవులు సెప్పారే? రంగు మారిందంతే. కొలిసినాక గెంతు," అన్నారు.

ఆ గుళికల్ని ఎండబెట్టి పొడి చేసి, సీసాల్లో పెసలకి కలిపి పెట్టాం. రెండు నెలలు అవి శుభ్రంగా ఉన్నాయి. మూడో నెలలో సగం సీసాల్లో పురుగు కనబడింది. సరిగ్గా అప్పుడే తల్లికి ఆపరేషనని మేడం రెండు నెలలు సెలవు పెట్టి వెళ్లారు. కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి, ఎంతో మర్యాదగా, "పురుగు పట్టిన సీసాలు రిపోర్టులో ఎందుకమ్మా? మేడంతో నేను మాట్లాడతాను. నువ్వు సంతకం పెట్టు. వైవా దగ్గరకొస్తోంది కదా," అన్నాడు. పెట్టాను. సీసాలు నా చేత్తోనే కడిగేశాను. వారం తిరక్కుండా గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో బ్యానరు కట్టి, ఆరు నెలలు పురుగు రాదని చెప్పి, ఇంటింటికీ ఆ పొడి పంచారు. ఫొటోల్లో నేను కూడా నవ్వుతున్నాను.

మేడం తిరిగొచ్చి రిపోర్టు చదివారు.

"సంతకం నీదేనా?"

"అవును మేడం."

"పురుగు పట్టిన సీసాలేవి?"

కడిగేశానని చెప్పాను. మేడం తిట్టలేదు. నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, ఊరివాళ్లకి వెంటనే కబురు చెయ్యమన్నారు. కాలేజీ పరువు పోతుందన్నాడాయన. మర్నాడు పొద్దున్నే మేడం నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు.

మొదట వెళ్లింది అప్పలనరసమ్మ అనే రైతు ఇంటికి. ఆవిడ గోనెసంచి మూతి విప్పింది. విత్తనానికని దాచుకున్న పెసలు. గింజగింజకీ చిల్లి, సంచి అంచున పాకుతున్న పురుగులు.

"ఏటి మేడం, ఆర్నెల్లు పురుగు రాదన్నారు, ఫొటోలు తీసుకెల్లారు. ఇప్పుడు నానేటి సల్లుకోవాల?"

"తప్పు మాదేనమ్మా," అన్నారు మేడం. తర్వాత నావైపు తిరిగి, "సీసాల్లో ఏటయిందో నువ్వు సెప్పు," అన్నారు. చెప్పాను. సీసాలు కడిగేసిన సంగతితో సహా మొత్తం చెప్పాను. అప్పలనరసమ్మ నన్ను తేరిపార చూసి, "అయితే తెలిసే ఇచ్చేరన్నమాట," అంది. అంతే. ఒక్క శాపనార్థం పెట్టినా నాకు తేలికయ్యేదేమో.

ఆ రోజంతా గడపగడపకీ తిరిగి సంచులు విప్పించాం. పురుగు పట్టని పెసలు టార్పాలిన్ల మీద ఎండబోయించాం. కొన్ని ఇళ్లలో విత్తనం దక్కింది. నెల తిరక్కుండా, క్రమశిక్షణ లేదని కాలేజీవాళ్లు మేడంని ఉద్యోగంలోంచి తీసేశారు. క్రమశిక్షణట! అబద్ధం రాయించినవాడికి శాలువా కప్పారు. నాకు డిగ్రీ ఇచ్చారు. ఆ రిపోర్టే ఒక సైన్సు పత్రికలో పరిశోధన పేపరుగా అచ్చయింది: ముందు ప్రిన్సిపాల్ పేరు, తర్వాత నా పేరు. ఆ గుళిక ఆలోచన దగ్గర్నుంచి ఆఖరి కొలత దాకా ఎవరిదో, ఆవిడ పేరు ఎక్కడా లేదు. స్టాఫ్‌రూములో ఒక్కరు కూడా నోరు మెదపలేదు. "సుభద్రగారికి కోపం ఎక్కువండీ" అని మాత్రం ఇప్పటికీ అంటారు. ఆ కోపంలో పిసరంత వాళ్లకి ఉన్నా చాలేది. నాకున్నా చాలేది. మేడం రాజాంలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. ఆ పేపరు చూపించి నేను ఉద్యోగం తెచ్చుకున్నాను.

పోయిన నెల ఆ పత్రికకి ఉత్తరం రాశాను. ఫలితాలు దాచామనీ, దాచింది నేనేననీ, పని సుభద్ర మేడందనీ రాసి సంతకం చేశాను. జవాబు ఇంకా రాలేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. మేడంకి ఫోన్ చేసి చెప్పాను. మెచ్చుకుంటారని ఆశపడ్డానని ఒప్పుకోవాలి.

"ఇన్నేళ్లూ ఏటి సేసేవే?" అన్నారు.

ప్రిన్సిపాల్ గదిలో సంతకం పెట్టిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను. మేడం ఫోన్ పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. ఆవిడ ఇంకా వింటూనే ఉన్నారు.