బావకు హిందీ నేర్పిన రోజులు

ఈ మధ్య మనవరాలు తెలుగు వాచకం పట్టుకుని "ఇది మా ఇల్లు హై" అని చదివితే ఇంట్లో అందరూ నవ్వారు గాని, నాకు గుండెలో ఏదో కలుక్కుమంది.

రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తెలుగులో 'సిగ్నల్ ఎరుపు' అంటే మాట పూర్తయినట్టే. 'నేను ఖలాసీని' అంటే ఆ చివరి 'ని'లోనే నేనూ ఉంటాను. హిందీలో అలా కుదరదు, చివర 'హై' గాని 'హూఁ' గాని వచ్చి కూర్చుంటే తప్ప వాక్యం నిలబడదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ యార్డులో ఖలాసీగా చేరిన మా బావకు ఇది ఎంతకీ పట్టుబడలేదు. 'సిగ్నల్ లాల్', 'మైఁ ఖలాసీ' అని ఆగిపోయేవాడు. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పని కావాలంటే సాహెబు ఎదుట నోటితో జవాబులు చెప్పాలి, పరీక్ష తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు, అక్కకు చూస్తే నెలలు నిండాయి. అక్కడే రైల్వే ఆఫీసులో కొత్తగా గుమాస్తానైన నాకు తిండి సయించేది కాదు. అది వాళ్ల కోసం పడ్డ దిగులే అనుకున్నాను గాని, బావ తప్పితే నా చదువుకు తలవంపులన్న భయం అందులో సగానికి పైనే ఉండేది.

మన వైపు బావ బావమరిదిని ఆట పట్టించాలి గాని, బావమరిది బావకు పంతులు కాకూడదు, అందులోనూ ఆడవాళ్ల ముందు. ఆ మర్యాద మరిచి, డ్యూటీ దిగి వచ్చిన మనిషిని కాళ్లు కడుక్కోనీయకుండా వరండాలో కూర్చోబెట్టి, ఇరుగుపొరుగు వింటుండగా వల్లె వేయించేవాణ్ని. ఒకనాడు విసుగెత్తి, "ఏటి బావా, నీ మాటలకి తోకలేవీ? మేకపిల్లకైనా ఉంటాదే" అన్నాను. అందరూ నవ్వారు. అక్క లోపలికి వెళ్లిపోయింది.

బావ నేల చూస్తూ, "నోరు తిరగట్లేదురా, ఏటి సేయమంటావు?" అన్నాడు.

పరీక్షనాడు ఆఫీసులో ఒకే లెక్క మూడుసార్లు వేశాను. బావ నెగ్గాడు. గది బయట నిలబడ్డ బంట్రోతు తర్వాత చెప్పాడు, సాహెబే "సిగ్నల్ లాల్, తుమ్ క్యా కరేగా?" అని, ఎరుపు పడితే ఏం చేస్తావని, తోకలేని వచ్చీరాని హిందీలో అడిగి, జెండాలు చూపించమని, చూసి సరేనన్నాడట.

ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని వెళ్తే బావ లేచి నిలబడి, "ఆప్ బైఠియే, చాయ్ బన్ రహీ హై" అన్నాడు. కూర్చోండి, టీ అవుతోందని. వేళాకోళమనుకుని నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆయన కన్నుమూసేదాకా అక్కతోనూ పిల్లలతోనూ తెలుగే మాట్లాడాడు, నాతో మాత్రం ఎక్కడా వంక పెట్టలేని ఆ హిందీయే. క్షమించమనే మాట ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి, ఆ మన్నన ముందు వెనక్కి పోయేది.

ఇప్పుడు క్వార్టర్ల పిల్లలకు హిందీ ఎవరూ నేర్పనక్కర్లేదు. అరపా నది ఒడ్డు దాకా నడిచినా చెవిన తెలుగు పడటమే అరుదు. పడినప్పుడు మాత్రం, నన్ను 'ఒరే' అనే హక్కున్న మనిషి చేత నాతో ఆ తెలుగును నేనే వదిలించాను కదా అనిపించి, ఇంకాస్త దూరం నడుస్తాను.